ప్రార్థన గదిలో దురద

మా ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండేది ప్రార్థన గది. ఆ గాజు తొట్టెను అక్కడ పెట్టడానికి అంతకు మించిన కారణం ఏమీ లేదు.

అరకులోయలో మాది పాస్టరుగారి ఇల్లు. ముందు చర్చి, దాని వెనుక గోడను ఆనుకుని మా గదులు. ప్రార్థన గదికి రాతి గోడలు, ఉత్తరం వైపు ఒకే కిటికీ. ఏప్రిల్ మధ్యాహ్నం కూడా దాని గచ్చు మీద కాలు పెడితే జివ్వుమనేది. పాస్టరు ఇంటి తలుపుకు పగలు గడియ వేయకూడదని ఒక పద్ధతి. జ్వరం వచ్చినవాళ్లు, మొగుడు తాగి కొట్టినవాళ్లు, ఆవు కొండ మీద తప్పిపోయినవాళ్లు ఏ వేళనైనా వచ్చి ఆ గదిలో చాప మీద కూర్చునేవారు. నేను వంటింట్లో ఏం వండుతున్నానో, ఏ చీర ఎన్నిసార్లు కట్టానో వాళ్లకు తెలుసు. కిటికీలోంచి ఎటు చూసినా కొండలే. మా పుట్టింటి వైపు వెళ్లాలంటే విశాఖపట్నం ప్యాసింజరు బండి ఉంది. కానీ అది ఎక్కడానికి నాకొక కారణం కావాలి, ఆ కారణం సంఘమంతటికీ నచ్చాలి.

వచ్చేవాళ్లంతా మా అత్తగారి కోసం వచ్చేవారు. అందరూ ఆమెను పెద్దమ్మగారు అనేవారు. రోగికి నూనె రాచి ప్రార్థన చేయాలని బైబిలు వాక్యంలో ఉంది. ఆమె ఆ మాటను అక్షరాలా పట్టుకున్న మనిషి. ఆమె వాడేది వలిసె నూనె. చలికాలంలో లోయను పచ్చగా కమ్మేసే ఆ పూల చేలు కోతయ్యాక, విశ్వాసులు గింజలు గానుగాడించి, మొదటి సీసాను ప్రథమ ఫలంగా తెచ్చి చర్చిలో పెట్టేవారు. దాని వాసన ఘాటు. ఆ గదిలో అడుగు పెడితే ఆ వాసనే ముందు పలకరించేది.

ఆ ప్రార్థన మీద నాకు నమ్మకం లేదని ఎవరూ అనుకోవద్దు. పెళ్లయిన కొత్తలో నాకు మలేరియా వచ్చి తల పగిలిపోతుంటే, ఆమె చెయ్యి నా నుదుటి మీద ఉన్నంతసేపూ నా పక్కన మరొకరు వచ్చి కూర్చున్నట్టు అనిపించింది. ఎవరో నాకు తెలుసు. ఈ రోజు ఎవరు అడిగినా ఆ సాక్ష్యం చెబుతాను.

కానీ ఆ తర్వాతి ఏళ్లలో ఆ నూనె వేరే పనికి నా మీదికి వచ్చింది. మాకు పిల్లలు లేరు. రోజూ సాయంత్రం ప్రార్థన కూడిక ముగిసే ముందు అత్తగారు నన్ను చాప మధ్యలో కూర్చోబెట్టి, వచ్చిన ఆడవాళ్లందరి ఎదుట నా నడినెత్తిన నూనె రాసి, "ఈ బిడ్డ గర్భం తెరువు తండ్రీ" అని ఎలుగెత్తేవారు. అందరూ ఆమెన్ అనేవారు. నేను కళ్లు గట్టిగా మూసుకునేదాన్ని. సిగ్గుతో మూసుకున్నా భక్తితో మూసుకున్నా బయటికి ఒకేలా కనిపిస్తుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. మార్చి నెలలో మా తమ్ముడు విశాఖపట్నం నుంచి బండి దిగాడు. వాడు ఒక కాలేజీ జువాలజీ ల్యాబులో పని చేసేవాడు. ఒక చేతిలో మూతకు చిల్లులు పెట్టిన నీళ్ల క్యాను, ఇంకో చేతిలో గోనెపట్టా చుట్టిన గాజు తొట్టె. క్యానులోంచి రెండు జీవులను తొట్టెలోకి వదిలాడు. జానెడు పొడవు. ఒకటి తెల్లగా గులాబి రంగు పారుతూ, ఒకటి మసి రంగులో. తల వెనుక రెండు వైపులా ఎర్రటి కుచ్చుల్లాంటివి, నీళ్లలో మెల్లగా ఊగుతూ. పెదవులు ఎప్పుడూ నవ్వుతున్నట్టే.

అత్తగారు కళ్లద్దాలు తెచ్చుకుని మరీ చూశారు. "ఏట్రా బాబూ ఇవి?"

"ఆక్సోలాటిల్ అంటారండి అత్తయ్యగారూ. కప్పలకు చుట్టాలు."

"కప్పకి తోకుంటాదేటి? పైగా కొమ్ములు!"

"కొమ్ములు కాదండి, మొప్పలు. వాటితోనే ఊపిరి తీసుకుంటాయి."

"ఊపిరి బయటెట్టుకు బతుకుతున్నాయా! నా తల్లే, దిష్టి తగిలీగల్దు," అని, అంతలోనే దిష్టి అన్న మాటకు తనే నాలిక కరుచుకున్నారు. విశ్వాసి నోట రాకూడని మాట అది.

వాటికి చల్లని నీళ్లు కావాలి. కిందటి వేసవిలో ల్యాబులో ఉన్న మిగతావన్నీ ఉక్కకు చచ్చిపోయాయి. "జూన్లో వానలు పడ్డాక పట్టుకెళ్తానక్కా. అందాకా ఈ చలిలో ఉంచు," అన్నాడు తమ్ముడు.

నాకు అవి కొత్తవి కావు. బీయస్సీ రెండో సంవత్సరం మధ్యలో పెళ్లి కుదిరి పుస్తకాలు మూసేనాటికి నేను చదివిన చివరి పాఠాల్లో వాటి బొమ్మ ఉంది. కప్పపిల్ల కాళ్లొచ్చి గట్టెక్కుతుంది. ఇది గట్టెక్కదు. పిల్లరూపంలోనే, నీళ్లలోనే జీవితమంతా ఉండిపోతుంది. పరీక్షలో ఆ ప్రశ్నకు జవాబు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. అప్పుడు దాన్నొక సంగతిగా నేర్చుకున్నానంతే. ఇప్పుడు అది గాజు వెనుక నుంచి నన్ను చూస్తోంది.

ఆ ఇంట్లో నాదని చెప్పుకోవడానికి నాకు దొరికిన మొదటి పని వాటిని చూసుకోవడం. పొద్దున్నే పెరట్లో కాఫీ మొక్కల కింద తవ్వి వానపాములు తెచ్చి, కడిగి, వాటి నోటి ముందు వేలాడదీసేదాన్ని. చటుక్కున అందుకునేవి. అత్తగారు వాటికి తెల్లోడు, నల్లోడు అని పేర్లు పెట్టారు. "నల్లోడికి పెట్టినావు, తెల్లోడు ఎదురుసూత్తన్నాడు సూడు," అని గుమ్మంలోంచి హెచ్చరించేవారు.

కొన్నాళ్లకు తెల్లోడు వెనక కాలు ఎత్తి మొప్పలను గోక్కోవడం చూశాను. కుక్క చెవి గోక్కున్నట్టే. తర్వాత నల్లోడు పొట్టను అడుగునున్న గులకరాళ్లకు రాస్తూ పోయి, తల విదిలించి, తొట్టెలో అటూ ఇటూ పిచ్చిగా కొట్టుకున్నాడు. ప్రార్థనకు వచ్చిన ఆడవాళ్లకు అది మంచి కాలక్షేపం అయింది.

"పాస్టరమ్మగారింటి బల్లికి గజ్జంటే!"

"బల్లికి గజ్జేటే? నీళ్లలో ఉన్నదానికి దురదేటి?"

"మీ ఆయన తానం సెయ్యకుండా గోక్కుంటాడు, అది తానంలోనే ఉండి గోక్కుంతాది. తేడా అదొకటే."

గదంతా నవ్వులు. అత్తగారు మాత్రం నవ్వలేదు. "నోరు మూసుకుని ప్రార్థన సెయ్యండే. దేవుడు సేసిన జీవి కాదేటి అది?" అన్నారు. ఆ సాయంత్రం నుంచి కూడిక చివర తొట్టె దగ్గర నిలబడి వాటి కోసం కూడా ప్రార్థన చేయడం మొదలుపెట్టారు. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. నా కోసం చేసేంత గట్టి గొంతుతోనే చేశారు.

కారణం కోసం నేను వెతకసాగాను. ముందు రాళ్లు గీరుకుంటున్నాయేమోనని అన్నీ తీసేశాను. తగ్గలేదు. తర్వాత నీళ్ల మీదికి బుద్ధి పోయింది. ఎండాకాలం కావడంతో ఆరోగ్య కార్యకర్త వచ్చి మా బావిలో బ్లీచింగ్ పౌడరు వేసి పోతున్నాడు. ఆ వాసన వచ్చిన రోజు నీళ్లు మారిస్తే గోకుడు ఎక్కువగా ఉంటోంది. మన చర్మానికే మండే మందు వాటి మొప్పలకు ఇంకెంత మండాలి! బావి నీళ్లు మానేసి, గెడ్డకు వెళ్లి, రాళ్ల మధ్య నుంచి పారే నీళ్లు బిందెలతో మోసుకొచ్చాను. పాస్టరమ్మగారు గెడ్డకెళ్లి నీళ్లు మొయ్యడం ఏమిటని దారిలో అందరూ అడిగారు. అడిగిన వాళ్లందరికీ జవాబు చెప్పుకుంటూ మోశాను.

రెండు పూటలు నిమ్మళంగా ఉన్నాయి. గెలిచాననుకున్నాను. తర్వాత మళ్లీ మొదలు.

ఈసారి తీరు వేరుగా ఉంది. పొద్దున నీళ్లు మార్చాక మధ్యాహ్నం దాకా హాయిగా ఉండేవి. పొద్దు వాలాక గోకుడు అందుకునేవి. మొప్పల కుచ్చులు ముందుకు ముడుచుకుపోయేవి. గుక్కెడు గాలి కోసం మాటిమాటికీ పైకి వచ్చేవి. పగటి వేడి సాయంత్రానికి నీళ్లలోకి దిగుతోందనుకుని తొట్టె చుట్టూ తడి గోనెలు కప్పాను. వానపాముల మట్టి అనుకుని ఇంకా శుభ్రంగా కడిగాను. తమ్ముడికి ఎస్టీడీ బూతు నుంచి ఫోను చేస్తే, నీళ్లు మార్చక్కా అన్నాడు. మారుస్తూనే ఉన్నాను.

ఈలోగా సంఘంలో గుసగుసలు మొదలయ్యాయి. సంఘ పెద్ద ఒకాయన మావారితో ఆ మాట నా ముందే అన్నాడు.

"అయ్యగారూ, కొండ మీద కొత్తగా బాప్తిస్మం పుచ్చుకున్నోళ్లు అడుగుతున్నారండి. మా ఇంట్లో ఉన్న దేవతల్ని తీసెయ్యమన్నారు, తీసీసినాం. మరి మీ ప్రార్థన గదిలో కొమ్ములదాన్ని ఎట్టుకున్నారేటి అంటున్నారు. పైగా దానికి రోగం. మీరు మొక్కినా తగ్గట్లేదంట గదా అని."

"మేం దానికి మొక్కడం లేదయ్యా, దాని కోసం ప్రార్థిస్తున్నాం," అన్నారు మావారు.

"నాకు తెలుసండి. వాళ్లకి తెలీదు."

మావారు మెత్తని మనిషి. ఆయన ఎవరినీ కాదనలేరు, ఆ సంఘ పెద్దను మరీ కాదనలేరు. రాత్రి అన్నం దగ్గర, "ఈస్టరుకల్లా నయం కాకపోతే మీ తమ్ముడి దగ్గరికి పంపించేద్దాం," అన్నారు. ఈస్టరు ఏప్రిల్లో పడింది. తమ్ముడికి మళ్లీ ఫోను చేశాను. "ఇప్పుడు పంపితే బండిలోనే ఉడికిపోతాయక్కా. ఇక్కడ కుళాయి తిప్పితే వేణ్నీళ్లు వస్తున్నాయి," అన్నాడు. అంటే దురద ఎందుకో ఈస్టరులోగా నేను కనిపెట్టాలి. కనిపెట్టకపోతే అవి చస్తాయి. బూతులోంచి బయటికి వచ్చి చూస్తే, శుక్రవారం సంతకు వచ్చిన జనమంతా నా ముఖం వైపే చూస్తున్నట్టు అనిపించింది.

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల చివర్లో అత్తగారు స్త్రీల కూడికలకు అడ్డతీగల వైపు వెళ్లి వారం దాకా రాలేదు. ఆమె లేకపోవడంతో సాయంత్రపు కూడిక చర్చిలోనే పెట్టుకున్నాం. ఆ వారంలో తెల్లోడూ నల్లోడూ తేరుకున్నాయి. మొప్పలు విచ్చుకున్నాయి, రంగు తిరిగింది, తొట్టె అడుగున పొట్ట ఆనించి గంటల తరబడి కదలకుండా పడుకున్నాయి. ఎందుకో నాకు అర్థం కాలేదు. గోనెలు పనిచేశాయేమో, గెడ్డ నీళ్లు వాటికి అలవాటయ్యాయేమో. మోకాళ్ల మీద పడి దేవునికి స్తోత్రం చెప్పాను.

అత్తగారు వచ్చీ రాగానే, చేతి సంచి కిందపెట్టకుండానే తొట్టె ముందుకు వెళ్లారు. చాలాసేపు చూశారు. "నాను అక్కడ ఉపాసముండి వీటి కోసం మొరపెట్టినానే అమ్మాయ్. రెండు పూటలు మంచినీళ్లు కూడా ముట్టలేదు," అన్నారు.  అంత దూరంలో, అంతమంది ఆడవాళ్ల మధ్య, మా ఇంటి జీవుల కోసం ఆకలితో ఉన్న మనిషి ఆమె.

ఈస్టరుకు వారం ముందు, మట్టల ఆదివారం నాడు చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పారు. దూరం నుంచి చేసిన ప్రార్థన దేవుడు ఎలా విన్నాడో, మాటలు రాని జీవుల బాధ ఎలా తీర్చాడో చెప్పారు. చర్చి మొత్తం హల్లెలూయా అంది. గుసగుసలు మోసిన సంఘ పెద్ద అందరికన్నా గట్టిగా అన్నాడు. నేనూ అన్నాను, మనస్ఫూర్తిగా.

సోమవారం సాయంత్రం స్తోత్ర కూడిక మా గదిలో జరిగింది. స్వస్థత పొందిన జీవులను చూడ్డానికి కొండ ఊళ్ల నుంచి కూడా వచ్చారు. మంగళవారం పొద్దున చూసేసరికి తెల్లోడు మొప్పలను ఒకే పనిగా తన్నుకుంటున్నాడు. నల్లోడి తోక చివర కొంకి తిరిగిపోయింది. చర్మం సన్నటి పొరలుగా లేస్తోంది. ఇంతకు ముందెప్పుడూ అంత దారుణంగా లేవు.

అత్తగారు చూశారు. లోపలికి వెళ్లి తన పాత చీర తెచ్చి తొట్టె మీద కప్పారు. ఎవరో ఆడమనిషి వచ్చి, "పెద్దమ్మగారూ, బల్లుల్ని సూద్దారని వచ్చినామండి," అంటే, "పడుకున్నాయమ్మా, రేపు రండి," అన్నారు. ఆ మనిషి వెళ్లేదాకా తొట్టెకు అడ్డంగా కూర్చుని లేవలేదు. తర్వాత నా వైపు తిరగకుండానే అన్నారు: "మంచి శుక్కురవారం లోపల బేగి పంపించీండి. నేదంటే నా సాచ్చం అబద్ధమైపోద్ది."

అప్పటిదాకా వాటి పక్షాన ఉన్నది ఆమె ఒక్కరే. ఇప్పుడు ఆమే పంపమంటున్నారు. ఉంచితే ఆమె పరువు పోతుంది, పంపితే వాటి ప్రాణం పోతుంది. ఆ పగలు నేను ఎన్నిసార్లు వంటింట్లోంచి ప్రార్థన గదికీ, అక్కడి నుంచి వంటింటికీ తిరిగానో. వెళ్లడానికి ఇంకో చోటు కూడా లేదు.

బుధవారం పొద్దున నీళ్లు మార్చడానికి మోచేతుల దాకా తొట్టెలో పెట్టాను. చేతులు బయటికి తీస్తే నీళ్లు జారిపోకుండా ముత్యాల్లా నిలబడ్డాయి. గాజు మీద, నీటిమట్టం దగ్గర, వేలితో రాస్తే జిడ్డు. కొంచెం వంగి కిటికీ వెలుగులో చూస్తే నీటి మీద సన్నగా రంగులు తేలుతున్నాయి. చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వలిసె నూనె.

ఆ గదిలో ఎప్పుడూ ఉండే వాసనే కాబట్టి ఇన్నాళ్లూ తొట్టెలోంచి వస్తోందని నాకు తట్టలేదు. కానీ నూనె నీళ్లలోకి ఎలా వచ్చింది? ఎవరు పోశారు? ఆ గదిలో ఎప్పుడూ జనం ఉంటారు, ఎవరు ఏం చేసినా పదిమంది చూస్తారు. చూడనిది ఒక్క ప్రార్థన వేళ. అప్పుడు అందరి కళ్లూ మూసి ఉంటాయి.

సండే స్కూలు పిల్లలకు నేను మొదట నేర్పేది అదే. ప్రార్థనలో కళ్లు తెరవకూడదు. ఊహ తెలిసినప్పటి నుంచి నేను తెరవలేదు. ఆ సాయంత్రం కూడికకు నలుగురైదుగురే వచ్చారు. అత్తగారు చీర పక్కకు తీసి తొట్టె దగ్గర నిలబడగానే నేను తల వంచుకుని, కళ్లు తెరిచే ఉంచాను.

ఆమె కళ్లు మూసుకునే ఉన్నారు. చెంపల మీద నీళ్లు. ఎడమ చేతి గిన్నెలో నూనె. కుడి చేతి వేళ్లు అందులో ముంచి, నీటి మీద సిలువ గుర్తు వేశారు. మళ్లీ ముంచారు, మళ్లీ వేశారు. వేళ్ల నుంచి నూనె చుక్కలు చుక్కలుగా నీళ్లలో పడుతోంది. మొరపెట్టిన కొద్దీ చెయ్యి ఇంకా లోతుకు దిగింది. కింద తెల్లోడు కాలెత్తి గోక్కున్నాడు. ఆమె గొంతు ఇంకా పెరిగింది.

అవి ఎంత గోక్కుంటే ఆమె అంత ప్రార్థన చేశారు. ఎంత ప్రార్థన చేస్తే అంత నూనె. ఆమె ఊళ్లో లేని వారం ఎందుకు కోలుకున్నాయో అప్పుడు తెలిసింది.

ముందు మావారికి చెప్పాను. ఆయన "అమ్మతో ఈ మాట నేనెలా అనగలను? నువ్వే మెల్లగా చెప్పు," అని సైకిలు తీసుకుని కొండ ఊరికి వెళ్లిపోయారు.

గురువారం పొద్దున అత్తగారు పెరట్లో కూర్చుని చేటలో సోళ్లు, అంటే రాగులు, చెరుగుతున్నారు. నేను ఎదురుగా కూర్చున్నాను.

"అత్తయ్యా, తొట్టెలో నూనె వద్దండి."

"ఏ నూనె?"

"ప్రార్థన నూనె. మీ వేళ్ల నుంచి నీళ్లలో పడుతోంది."

చేట ఆగింది. "ఎవులు సూసినారు?"

"నేనే చూశాను."

"ప్రార్థనలో కళ్లు తెరిసినావేటి?"

"తెరిచానండి."

నూనె మాట కన్నా ఆ మాటే ఆమెకు ఎక్కువ తగిలింది. నేను ఆగకుండా చెప్పేశాను. "వాటికి తోలు కూడా ముక్కులాంటిదే అత్తయ్యా. మొప్పలతో, తోలుతో ఊపిరి తీసుకుంటాయి. వాటి మీద నూనె పడితే ఊపిరాడదు, మంటెక్కుద్ది. అందుకే గోక్కుంటున్నాయి."

"ప్రార్థన సేసిన నూనెకి మంటెందుకు పుడద్దే?"

"ప్రార్థనకు మంట పుట్టదండి. అయినా నూనె నూనేగా. నీళ్ల మీద తేలుద్ది."

ఆమె చేటను ఒళ్లో పెట్టుకుని నా నెత్తి వైపు చూశారు. నిన్నటి నూనె అక్కడ ఇంకా ఆరలేదు.

"మరి నీకు రాసీది? అదీ దురదేనేటి?"

కాదండి అని ఉంటే అక్కడితో అయిపోయేది. నోటి దాకా వచ్చింది కూడా. కానీ పొద్దుటి నుంచీ నిజమే చెప్పమని దేవుణ్ని అడుక్కుని ఆమె ఎదుట కూర్చున్నదాన్ని.

"నాకూ ఊపిరాడదత్తయ్యా. నూనె వల్ల కాదు. అంతమంది మధ్యలో కూర్చోబెడతారే, దాని వల్ల."

"మరిన్నాళ్లు సెప్పలేదేటే?"

"ఎలా చెప్పనండి?"

"నోటితో సెప్పాలి," అని ఆమె చేట ఎత్తి మళ్లీ చెరగడం మొదలుపెట్టారు. పొట్టు నా మీదే పడుతోంది. అది చూసి చేటను కొంచెం పక్కకు తిప్పుకున్నారు. అంతే. 

సబ్బు వాడకుండా వేణ్నీళ్లతో తొట్టెను మళ్లీ మళ్లీ తోమి, చల్లారాక గెడ్డ నీళ్లు నింపాను. సాయంత్రం అత్తగారు తొట్టె దగ్గరికి వచ్చారు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, బడిలో తప్పు చేసిన పిల్లలా నిలబడి ప్రార్థన చేశారు. చేతులు ఆడించకుండా ఆమెకు మాటలు సరిగా రాలేదు. మధ్యలో రెండుసార్లు తడబడ్డారు. నన్ను మధ్యలోకి పిలవలేదు. ఆడవాళ్లు కళ్లు తెరిచి ఒకరినొకరు చూసుకున్నారు.

శనివారానికి నల్లోడి తోక నిటారు అయింది. ఈస్టరు పొద్దున రెండూ వానపాముల కోసం గాజుకు మూతులు ఆనించి ఎదురుచూశాయి. పంపే మాట మావారు మళ్లీ ఎత్తలేదు.

ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చేసరికి అత్తగారు లేచారు. 

"మట్టలాదివారం నాడు నాను సాచ్చం సెప్పినాను. అప్పుడు నాకు సగమే తెలుసు. ఆ జీవాలకి మళ్లీ బాధొచ్చింది. మీకు సెప్పకుండా సీర కప్పి దాసినాను. అది నా తప్పు. అప్పుడు వాటి బాధ ఏటో, దేనివల్లో, దేవుడు నాకు సెప్పలేదు, మా కోడలికి బయలుపరిచినాడు. ఆ మాట ఇన్నాక తగ్గినాది. ఆయనకే మహిమ."

చర్చి మళ్లీ హల్లెలూయా అంది. దేని వల్లో మాత్రం ఆమె చెప్పలేదు. ఆ గదికి వచ్చే జబ్బుమనుషుల నెత్తిన రేపు కూడా ఆ నూనే రాయాలి. వాళ్లకు దాని మీద అనుమానం రాకూడదు. నాకు అది అర్థమైంది. లేచి మిగతా సగం చెప్పే ధైర్యం నాకు లేదు, చెప్పాలన్న కోరికా లేదు. అందరూ వెనక్కి తిరిగి నన్ను చూస్తున్నారు. బయలుపరచడం అన్న మాట మా సంఘంలో చిన్నది కాదు. అది అబద్ధమని కూడా నేను అనలేను. చేతిని ముక్కు దగ్గరికి తీసుకుపొమ్మని నాకు ఎవరు చెప్పారు?

జూన్లో మొదటి వానలు పడ్డాక తమ్ముడు వచ్చాడు. జీవులను క్యానులోకి ఎక్కించి, మూత బిగించి, స్టేషనుకు తీసుకుపోయాడు. అత్తగారూ నేనూ సాగనంపడానికి వెళ్లాం. "నల్లోడికి ముందు పెట్టకురా, తెల్లోడు అలుగుతాడు," అని ఆమె బండి కిటికీలోంచి వాడికి అప్పగింతలు పెట్టారు. అప్పటికి నాకు నూనె రాయడం మళ్లీ మొదలైంది. కాకపోతే వంటింట్లో, తలుపు దగ్గరకు వేసి, గొంతు తగ్గించి. ఆ ఇంట్లో పగటిపూట వేసి ఉండే తలుపు అదొక్కటే. బండి సొరంగం వైపు కదిలింది. తమ్ముడు చెయ్యి ఊపాడు. నేను ప్లాట్‌ఫారం మీద నిలబడిపోయాను.

ఇంటికి తిరిగి వచ్చేసరికి అరుగు మీద ఒక ముసలామె మేకను పట్టుకుని కూర్చుని ఉంది. మేక గోడకు ఒళ్లు రాసుకుంటోంది. నేను అత్తగారి వెనక్కి తప్పుకున్నాను, ఆమె కోసమే అనుకుని.

"నాకోసం కాదే అమ్మాయ్," అన్నారు అత్తగారు చెప్పులు విడుస్తూ. "నీకోసమే వచ్చినాది. నిన్నటి నుంచీ ఇంకో ఇద్దరు అడిగి ఎల్లినారు."

"బయలుపడ్డది సెప్పండమ్మగారూ," అంది ముసలామె, లేచి దండం పెట్టబోతూ. "ఇదేటి, ఎందుకిలా గోక్కుంతాది?"

నాకేమీ బయలుపడలేదని చెప్పబోయాను. అత్తగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. అరుగు మీద ముసలామె పక్కన చోటు చేసుకుని కూర్చున్నాను.

"దీనికి నీళ్లు ఎక్కడ పెడుతున్నావమ్మా?" అని అడిగాను.